బూంది, సకినం ఒక గూటికి చేరిన వైనం

పల్లి పోయాక బూంది గడ్డి ముట్టడం తగ్గించేసింది. రెండూ చిన్న పిల్లలుగా మా ఇంటికి వచ్చిన గినీపిగ్‌లు, రెండూ ఆడవే. పల్లికి పళ్ల జబ్బు వచ్చింది. వీటికి పళ్లు బతికున్నన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలినప్పుడే అరుగుతాయి. వెనక పళ్లు వంకరగా పెరిగాయంటే ఇక నమలడం కష్టం. మందులు వాడాం, సిరంజితో తిండి పట్టాం, అయినా వానాకాలంలో పోయింది. అంతవరకు ఫ్రిజ్ తలుపు చప్పుడు వింటే చాలు, "వీక్ వీక్" అని ఇల్లంతా ఎగరగొట్టే బూంది ఆ అరుపు మానేసింది. కొత్తిమీర మూతి దగ్గర పెట్టినా రెండు ఆకులు కొరికి ఊరుకునేది.

గినీపిగ్ ఒక పూట తినకపోయినా తేలిగ్గా తీసుకోకూడదు. దాని పేగుల్లోకి రోజంతా పీచు పడుతూ ఉండాలి. ఆగిందంటే గ్యాస్ పట్టి ప్రాణం మీదికి వస్తుంది. మామునూరు వెటర్నరీ కాలేజీలో చదువుతున్న మా ఆడబిడ్డ కూతురు ఫోన్లోనే చెప్పేసింది: "అత్తమ్మా, దానికి మందు కన్నా తోడు కావాలి. గుంపులో బతికే జాతి అది." స్విట్జర్లాండ్‌లో గినీపిగ్‌ను ఒంటరిగా పెంచకూడదని 2008 నుంచి నిబంధనే ఉంది. మన దగ్గర అలాంటిదేమీ లేదు. షాపులో ఒక్కటి అడిగితే ఒక్కటే ఇస్తారు.

ఈ లోపు మా అమ్మాయి ఫోన్లో వీడియోలు చూసి, ఈసారి చించిల్లా తెద్దామని పట్టు పట్టింది. దూదిపింజలా ముద్దుగా ఉంటుంది, కాదనను. కానీ అది ఆండీస్ కొండల మీది చలిలో బతికే జంతువు. ఒంటి నిండా అంత దట్టమైన బొచ్చుతో 25 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం మొదలవుతుంది. మే నెలలో మన హనుమకొండ ఎండ సంగతి చెప్పాలా? నయీంనగర్‌లో మాది రెండు బెడ్‌రూముల ఇల్లు, ఒక్క ఏసీ, మధ్యాహ్నం కరెంటు పోతే అంతే. పైగా గినీపిగ్‌కు తోడు గినీపిగ్గే. చించిల్లాను తెచ్చి పక్కన పెడితే దానికి తోడు దొరికినట్టు కాదు, ఇద్దరు ఒంటరివాళ్లు తయారైనట్టు. కుందేలు కూడా అంతే. పైగా కుందేళ్లలో మామూలుగా ఉండే ఒక రకం బ్యాక్టీరియా గినీపిగ్‌కు న్యుమోనియా తెప్పించగలదు. అమ్మాయి రెండు రోజులు ముఖం ముడుచుకుని ఊరుకుంది.

షాపులో ఒక చిన్న దాన్ని ఎంచుకున్నాం. తెలుపు మీద గోధుమ రంగు చుట్టలు, చూడగానే మా వాడు సకినం అని పేరు పెట్టేశాడు. "ఆడదే కదా?" అంటే "ఆడదే మేడమ్, గ్యారంటీ" అన్నాడు షాపతను. ఇంటికి తీసుకెళ్లేముందు దారిలోనే ఆడబిడ్డ కూతురికి చూపించాం. వెల్లకిలా పట్టుకుని జననాంగానికి కాస్త పైన వేలితో మెల్లగా నొక్కి, "అత్తమ్మా, ఇది మగది" అంది. గినీపిగ్‌లలో మగపిల్ల నెల రోజులు నిండకముందే తల్లిని చేయగల వయసుకు వచ్చేస్తుంది. ఆడదానికి ఆరేడు నెలల లోపు మొదటి కాన్పు కాకపోతే కటి ఎముకల మధ్య కీలు బిగుసుకుపోతుంది, తర్వాత కడుపు నిలిస్తే కాన్పులో తల్లీ పిల్లలూ పోయే ప్రమాదం ఉంది. మా బూందికి అప్పటికే మూడేళ్లు దాటాయి. షాపతని మాట నమ్మి గూట్లో వదిలి ఉంటే ఏమయ్యేదో. వెనక్కి వెళ్లి అడిగితే అతను పెద్దగా వాదించకుండా మార్చి ఇచ్చాడు. సకినం అన్న పేరు మాత్రం వచ్చిన రెండోదానికి అతికించేశారు పిల్లలు. దాని ఒంటి మీద చుట్టలు లేవు, అయినా సకినమే.

ఈ రెండోది నిజంగానే ఆడది. కానీ మగవాటితో ఒకే తొట్టిలో పెరిగింది కాబట్టి కడుపుతో ఉందేమోనన్న అనుమానం ఉంది. వీటి గర్భం 59 నుంచి 72 రోజులు. మొదట్లో పైకి ఏమీ తెలియదు. వారం వారం కిచెన్ కాంటా మీద బరువు చూడమన్నారు. దీన్ని వేరే గదిలో రెండు మూడు వారాలు విడిగా ఉంచాలన్నది ఎలాగూ తప్పదు. షాపుల నుంచి వచ్చేవాటికి గజ్జి పురుగులు, తామర ఉండటం మామూలే. తామరైతే మనకూ అంటుకుంటుంది. మా సకినం మెడ వెనక పొట్టు రాలుతుంటే డాక్టర్‌కు చూపించాం, పురుగులని చెప్పి మందు వేసి, కొన్నాళ్లకు మళ్లీ రమ్మన్నారు. రెండోసారి వెళ్లినప్పుడు పొట్ట తడిమి చూసి కడుపు లేదని తేల్చారు. అప్పటిదాకా మా ఇంట్లో రూలేమిటంటే, ముందు బూంది పని, తర్వాత సకినం పని, ఆ తర్వాత సబ్బుతో చేతులు. మా వాడు ఒక్కడే రూలు తప్పేవాడు, వాణ్ని కనిపెట్టుకుని ఉండటమే ఒక డ్యూటీ.

ఇక్కడ ఒక మాట చెప్పేయాలి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ బిళ్లలు వీటికి వేయకండి. మనకు మామూలుగా రాసే అమాక్సిసిలిన్ లాంటివి నోటి ద్వారా వేస్తే గినీపిగ్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి, మందే ప్రాణం తీస్తుంది.

విడిగా ఉంచే రోజులు అయ్యాక రెండు గూళ్లనూ పక్కపక్కన పెట్టాం. మధ్యలో జాలీ, మూతులు తగులుతాయి గానీ పళ్లు దిగేంత సందు లేదు. చించిల్లాలు పెంచేవాళ్లు కూడా ముందు ఇలాగే పక్కపక్క గూళ్లలో ఉంచి, అవి ధూళిలో దొర్లి ఒళ్లు శుభ్రం చేసుకునే గిన్నెను ఒకదానిది ఇంకోదానికి మార్చి వాసన అలవాటు చేస్తారట. వాటిని కలపడానికి ఇంకా ఎక్కువ ఓపిక కావాలి, తొందరపడితే గాయాలవుతాయి. మేం ధూళికి బదులు తువ్వాళ్లు మార్చాం. బూంది పడుకున్న పాత తువ్వాలు సకినం గూట్లోకి, సకినంది బూంది గూట్లోకి. మొదటి రోజు బూంది ఆ తువ్వాలు మీద తన వెనక భాగాన్ని రాసుకుంటూ నాలుగు మూలలూ తిరిగింది. అది దాని సంతకం. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత గడ్డి నమిలే చప్పుడు ఆగకుండా వినిపించింది. జాలీకి అవతల ఇంకోటి తింటోందని తానూ తిన్నదో, పోటీకి తిన్నదో నాకు తెలీదు. తిన్నది, అది చాలు.

అసలు కలిపే పని దసరా సెలవులకు పెట్టుకున్నాం. అందరం ఇంట్లో ఉంటాం, ఎండ తగ్గి ఉంటుంది. ఎండాకాలంలో ఈ పని పెట్టుకోవద్దని నా సలహా. వేడికి అవి ముందే నీరసపడి ఉంటాయి, ఆ మీద తరుముకోవడాలు తట్టుకోలేవు. దీపావళి టపాసులు మొదలుకాక ముందే అయిపోవాలన్నది ఇంకో లెక్క.

చోటు విషయంలో పట్టింపు ఉంది. రెండిట్లో ఏదీ అంతకుముందు అడుగుపెట్టని చోటు కావాలి. మా హాల్లో బూంది తిరుగుతుంది కాబట్టి హాలు పనికిరాదు. మా అత్తమ్మ (మా ఆయన తల్లి) గదిలో మంచం పక్కన ఖాళీ చేశాం. టైల్స్ మీద వీటి కాళ్లు జారతాయి. జారితే భయం, భయం వేస్తే కరుస్తాయి. కొత్తవాడ నుంచి ఎప్పుడో కొన్న పాత దరీ ఒకటి ఉంటే పరిచాం. గట్టి నేత, గోళ్లకు పట్టు దొరుకుతుంది. (తర్వాత దాని అంచు దారాలు సగం కొరికేశాయి. కొత్త దరీ పరచకండి.) చుట్టూ అట్టపెట్టెలు అడ్డం పెట్టాం. దాక్కోవడానికి రెండు పెట్టెలు, ఒక్కోదానికి రెండు వైపులా ద్వారాలు. ఈ రెండో ద్వారం చాలా ముఖ్యం. ఒకే ద్వారం ఉంటే లోపల ఉన్నది ఇరుక్కుపోతుంది, బయట ఉన్నది కాపలా కాస్తుంది, అక్కడే రక్తం వచ్చే కొట్లాటలు అవుతాయి.

మధ్యలో గరిక కుప్ప. గరిక మా బంధువుల ఊరు, హసన్‌పర్తి వైపు నుంచి తెప్పిస్తాం. పత్తి చేల గట్ల మీది గరిక మాత్రం వద్దని గట్టిగా చెబుతాను, ఎన్నిసార్లు మందు కొట్టారో, కలుపు మందు ఎప్పుడు పడిందో ఎవరికీ గుర్తుండదు. టిమోతీ అనే ఎండు గడ్డి ఆన్‌లైన్‌లో తెప్పిస్తాం గానీ ఈ పచ్చి గరిక ముందు అది బలాదూర్. గరికతో పాటు క్యాప్సికం ముక్కలు, చిన్న జామ ముక్క. మనలాగే గినీపిగ్‌కు కూడా విటమిన్ సి ఒంట్లో తయారు కాదు, రోజూ తిండిలో అందాల్సిందే. బతుకమ్మ పేర్చగా మిగిలిన గునుగు పూలు కూడా వేద్దామన్నారు పిల్లలు. వీటికి పడుతుందో లేదో తెలియని పువ్వు వద్దని పక్కన పెట్టించాను.

వదిలాం. కాసేపు రెండూ గరికే తిన్నాయి, ఒకదాన్నొకటి చూడనట్టు. తర్వాత బూంది తల ఎత్తింది. ఒళ్లంతా గుర్రుమని అదిరేలా శబ్దం చేస్తూ, నడుము అటూ ఇటూ ఊపుకుంటూ, నెమ్మదిగా సకినం చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. సకినం వెనక వాసన చూసింది, అది పరుగెత్తింది, ఇది వెంటపడింది. వెనక నుంచి ఎక్కబోయింది. సకినం వెనక్కి తిరక్కుండానే బూంది మొహం మీద మూత్రం చిమ్మింది. మా వాడు పగలబడి నవ్వాడు, అమ్మాయి "ఛీ" అంది. అత్తమ్మ మాత్రం లేచి నిలబడింది. "గవి కొట్టుకుంటున్నయ్ బిడ్డా, తియ్యి పక్కకు! పసిది సచ్చిపోతది."

చూసే మనుషులు చేతులు కట్టుకుని కూర్చోవడమే ఇందులో అసలు కష్టం. గుర్రుమనడం, వెంటపడటం, ఎక్కడం, పిరుదుల మీద మూతితో పొడవడం, కాసిన్ని వెంట్రుకలు పీకడం, ఇవన్నీ ఎవరు పెద్దో తేల్చుకునే మాటలు. ఆడవాటి మధ్య కూడా ఇదంతా ఉంటుంది. ఎదురెదురుగా నిలబడి మూతులు పైకెత్తుతాయి. ఎవరి మూతి ఎక్కువ ఎత్తుకు లేస్తే వాళ్లది పైచేయి, దించినవాళ్లు ఒప్పుకున్నట్టు. మనం మధ్యలో దూరి ఎత్తేస్తే ఆ మాట సగంలో ఆగుతుంది. మళ్లీ వదిలినప్పుడు మొదటి నుంచి మొదలు. అత్తమ్మకు ఇదంతా చెబితే, "నువ్వెప్పుడు నేర్చినవ్ గీ భాష?" అని కూర్చుంది గానీ కొంగు నోటికి అడ్డం పెట్టుకునే చూసింది.

అలాగని ఏం జరిగినా చూస్తూ ఉండమని కాదు. పళ్లు టకటకలాడించడం హెచ్చరిక. కాసేపు టకటకలాడించి ఎవరి దారిన అవి పోతే పర్వాలేదు. మెడ వెంట్రుకలు నిక్కబొడుచుకుని, ఆవలించినట్టు నోరు తెరిచి పళ్లు చూపించుకుంటూ, ఎదురెదురుగా టకటక ఆగకుండా పెరుగుతుంటే మాత్రం తయారుగా ఉండాలి. నిజంగా కలబడితే రెండూ ఒకే బంతిలా దొర్లుతాయి. అప్పుడు చెయ్యి పెడితే మన వేలు తెగుతుంది. అందుకే నా ఒళ్లో ఒక మందపాటి తువ్వాలు, పక్కన వంటింటి చేట పెట్టుకున్నాను. చేట మధ్యలోకి జరిపితే చాలు, రెండూ విడిపోతాయి. రక్తం కనిపిస్తే ఆ రోజుకు ఆపేయడమే.

మాకు చేట ఒకసారి అవసరపడింది. సకినం ఒక పెట్టెలోకి దూరింది, బూంది రెండో ద్వారం నుంచి ఎదురొచ్చింది. లోపల టకటక, తర్వాత గట్టిగా ఒక కీచు. పెట్టె ఎత్తేసరికి రెండూ మెడలు నిక్కించుకుని ఉన్నాయి, మధ్యలో చేట దించాను. సకినం చెవి అంచున చిన్న గాటు, రక్తం లేదు. పెట్టెలు తీసేసి, వాటి బదులు పాత దుప్పటిని నాలుగు ఇటుకల మీద పందిరిలా కప్పాం. అన్ని వైపులా తెరిచి ఉండేసరికి ఎటు నుంచైనా దూరొచ్చు, ఎటైనా పోవచ్చు. ఆ మార్పుతో గొడవ సగానికి సగం తగ్గింది. రెండు ద్వారాల పెట్టె చాలని నాకు చెప్పినవాళ్లు బహుశా మా బూందంత పెద్ద గినీపిగ్‌ను చూసి ఉండరు. అది లోపలికి వెళ్తే ద్వారమే మూసుకుపోతుంది.

ఇంకో చిట్కా కూడా చాలామంది చెప్పారు, రెండిటికీ కలిపి స్నానం చేయిస్తే భయంలో దగ్గరవుతాయని, వాసన ఒకటవుతుందని. నేను చేయలేదు. తడవడం వీటికి పెద్ద టెన్షన్. భయంతో అతుక్కుని కూర్చున్నంత మాత్రాన స్నేహం కుదిరిందనుకోవడం మన తృప్తికి తప్ప దేనికీ పనికిరాదు.

మొదటి రోజు మధ్యాహ్నం దాకా ఇదే తంతు. తరుముకోవడం, ఆగడం, తినడం, మళ్లీ తరుముకోవడం. మేడారం జాతర బస్సులో కిటికీ సీటు కోసం పోట్లాడుకున్న ఇద్దరు, గంట తర్వాత ఒకే కాగితం మీద బటానీలు పెట్టుకుని తింటారు చూడండి, అలా సాయంత్రానికి గరిక కుప్పకు చెరో వైపు నుంచి తినుకుంటూ వచ్చి మధ్యలో మూతులు తగిలించుకున్నాయి. బూంది ఒకసారి గుర్రుమంది. సకినం తల దించి తినడం ఆపలేదు. అప్పుడు సకినం దరీ మీదే పక్కకు ఒరిగి కాళ్లు చాపి పడుకుంది. వేరే జంతువులు వేటాడి తినే ఇలాంటి ప్రాణి వెనక కాళ్లు చాపి పడుకుందంటే భయం లేదని అర్థం.

చాలామంది ఇక్కడే సంతోషపడిపోయి రెండిటినీ బూంది పాత గూట్లో పెట్టేస్తారు. అది బూంది ఇల్లు, లోపల అడుగడుగునా దాని వాసనే. సకినం అక్కడ చొరబడ్డ దొంగ అవుతుంది. అందుకే ముందు రోజే గూడు మొత్తం విప్పి, వెనిగర్ కలిపిన నీళ్లతో కడిగి, ఎండలో పెట్టి, లోపలి సామానంతా వేరే వరసలో సర్దాం. గూడు కాశీబుగ్గలో వెల్డింగ్ చేయించిందే, అయిదడుగులకు రెండడుగులు. రెండు గినీపిగ్‌లకు కనీసం ఏడున్నర చదరపు అడుగుల నేల కావాలంటారు, మేం కాస్త ఎక్కువే పెట్టించాం. అంతస్తులు వేసిన గూడు చూడటానికి బాగుంటుంది గానీ ఇవి కోతులు కావు, నేల మీద పరుగెత్తే జంతువులు. కింద జాలీ కూడా వద్దు, పాదాలకు పుండ్లు పడతాయి. అట్ట మీద మందపాటి బట్ట పరిచాం.

లోపల ప్రతిదీ రెండు. నీళ్ల సీసాలు రెండు, అవి కూడా చెరో చివర. తిండి గిన్నెలు రెండు. గడ్డి మాత్రం రెండు చోట్ల కాదు, మూడు చోట్ల. రెండే పెడితే బూంది ఒకటి తింటూ రెండోదాని మీద కన్నేసి ఉంచేది. దరీ మీద నుంచి రెండిటినీ ఒకేసారి ఎత్తి కొత్త గూట్లో దించాం, రాత్రికి విడదీసి పొద్దున మళ్లీ కలపడం లాంటివి చేయలేదు. ఆ రాత్రి నేను గూడు పక్కనే చాప వేసుకుని పడుకున్నాను. నిద్ర పట్టలేదు. గుర్రుమన్న ప్రతిసారీ టార్చి వేసి చూడటం, ఏమీ లేదని మళ్లీ పడుకోవడం. తెల్లవారుజామున మా ఆయన వచ్చి, "అవి పడుకున్నై, నువ్వే పడుకోలే" అన్నాడు.

తర్వాతి వారాల్లో పని బరువు చూడటమే. పైకి కొట్లాట లేకపోయినా పెద్దది చిన్నదాన్ని తిండి దగ్గరికి రానీయకపోతే అది మొదట తెలిసేది కాంటా మీదే. సకినం బరువు పెరుగుతూ వచ్చింది. బూందిది కూడా, పల్లి ఉన్నప్పటి బరువుకు దగ్గరగా వచ్చింది. మధ్యమధ్య రెండు వారాలకోసారి ఒక రోజంతా గుర్రుమనడాలు, ఎక్కడాలు మళ్లీ మొదలవుతాయి. మొదటిసారి కలిపిందంతా చెడిపోయిందనుకుని ఆడబిడ్డ కూతురికి ఫోన్ చేశాను. ఆడవాటికి సుమారు 16 రోజులకోసారి ఎద వస్తుందని, ఆ ఒక్క రోజు అంతేనని చెప్పింది. ఇప్పుడు అత్తమ్మే ఆ రోజు ఎప్పుడొస్తుందో ముందుగా చెబుతుంది.

కలిసి పడుకుంటాయా అని చాలామంది అడుగుతారు. పడుకోవు. పల్లితో బూంది ఒళ్లు ఆనించి పడుకునేది, సకినంతో జానెడు దూరం ఉంచుతుంది. కానీ ఫ్రిజ్ తెరిస్తే రెండూ కలిసి అరుస్తాయి, ఒకటి మొదలుపెడితే ఇంకోటి అందుకుంటుంది. సకినం అప్పుడప్పుడు ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరి గంతేస్తుంటే బూంది ఆ వయసులో ఒకటి రెండు సార్లు తానూ గంతేసింది.

ఇంత కుదిరాక రెండో నీళ్ల సీసా ఎందుకని మా ఆయన తీసేశాడు. మర్నాటికే బూంది మిగిలిన ఒక్క సీసా ముందు బైఠాయించింది, సకినం ఆ దరిదాపులకు కూడా రాలేదు. సాయంత్రానికల్లా సీసా మళ్లీ తగిలించేశాం.